పడవ లోపలి మనిషి

కోవిడ్ తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది నన్ను టెక్కలి నుంచి ఉద్దానంలోని ఒక ప్రభుత్వాసుపత్రికి, డయాలసిస్ విభాగం హెడ్ నర్సుగా బదిలీ చేశారు. అదే నా ఆఖరి పోస్టింగు. హెడ్ నర్సంటే స్టాఫ్ నర్సులకు పైన, సూపరింటెండెంటుకు కింద. పైవాళ్ల చీవాట్లూ కిందివాళ్ల సెలవులూ రెండూ మా నెత్తినే ఉంటాయి. నా నోటి సంగతి నాకన్నా ముందే అక్కడికి చేరిందట. సిస్టరమ్మ వార్డులోకి వస్తే మిషన్లు కూడా చప్పుడు మానేస్తాయని పేషెంట్లు అనుకునేవారు. నేను విననట్టే ఉండేదాన్ని. ఆ భయం వల్ల వార్డు సవ్యంగా నడిచేది.

మా పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఫిస్టులా. చేతిలో ఒక ధమనినీ ఒక సిరనూ ఆపరేషన్ చేసి కలుపుతారు. కొన్ని వారాలకు ఆ సిర లావెక్కి, మిషను సూదులు తట్టుకునేంత గట్టిపడుతుంది. దానిమీద వేళ్లు ఆనిస్తే సన్నగా అదురుతూ ఉంటుంది. ఆ అదురును థ్రిల్ అంటాం. సూది గుచ్చే ముందు ప్రతిసారీ దాన్ని చూసుకోవాలి. అది ఆగిపోతే లోపల రక్తం గడ్డకట్టిందన్నమాట. అప్పుడిక మెడలో గొట్టం వేయాలి, ఇన్ఫెక్షన్ రాకూడదని మొక్కుకోవాలి, ఇంకోచోట కొత్త ఫిస్టులా తయారయ్యేదాకా గండం గడవాలి. అందుకే ఆ చేతికి గడియారం వద్దంటాం, గాజులు వద్దంటాం, బీపీ పట్టీ కట్టనివ్వం, బరువు ఎత్తనివ్వం.

దానయ్యకు ఫిస్టులా ఎడమ చేతికి ఉండేది. కవిటి దిగువన సముద్రం ఒడ్డు ఊరు అతనిది. కుట్టు పడవలు కట్టేవాడు. ఈ పడవకు మేకులుండవు. చెక్కల అంచులకు బెజ్జాలు వేసి కొబ్బరి తాడుతో కుడతారు. కెరటం కొట్టినప్పుడు మేకుల పడవ బీటలిస్తుందనీ, కుట్టు పడవ కాస్త ఒదిగి ఊరుకుంటుందనీ దానయ్య చెప్పేవాడు. ఫైబర్ బోట్లు వచ్చాక అతన్ని అడిగేవాళ్లు లేకపోయారు.

ఆ ఊళ్లో చరిత్ర సంఘం ఒకటి ఉండేది. రిటైరైన డ్రాయింగు మాస్టారు సూర్యంగారు దానికి కార్యదర్శి. నెలకో ఆదివారం ఒడ్డున షామియానా వేసి ఏదో ఒకటి జరిపించేవారు. ఒకసారి అందరి ఇళ్లలోని పాత ఫొటోలూ దండేనికి తగిలించి ఎవరు ఎవరో జనం చేతే గుర్తుపట్టించారు. ఇంకోసారి పెద్ద వల లాగేటప్పుడు పాడుకునే పాటలు పాడించారు. ఆ ఏడు సంఘం పెద్ద పనికే దిగింది. కొబ్బరితోటలో బోర్లించి ఉన్న ఆఖరి కుట్టు పడవను విప్పి, మళ్లీ కుట్టి, ఊరందరి ముందూ నీళ్లలోకి దించాలని తీర్మానించారు.

మాస్టారు ఆ ప్లానంతా మా వార్డులోనే, దానయ్య మంచం పక్కన కూర్చుని వేసేవారు. లెక్కప్రకారం విజిటర్లను లోపలికి రానివ్వకూడదు. కానీ ఆయన వచ్చిన రోజున దానయ్య కొలిచి ఇచ్చే నీళ్లు చాలవని గోల చేసేవాడు కాదు, ఇంకెంతసేపని విసుక్కునేవాడు కాదు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. దానయ్య కుర్చీలో కూర్చుని చెబుతాడు, వేరెవరో కుడతారు అనుకున్నాను.

ఒకరోజు సూదికోసం చెయ్యి చాపితే ముంజేతి చుట్టూ ఎర్రగా తాడు వాత ఉంది. వేళ్లు ఆనించి చూశాను. అదురు ఉందా లేదా అన్నట్టుంది. వెంటనే డాక్టరుగారికి కబురు పెట్టాను.

“ఏటీ నేదు సిస్టరమ్మా. కూసింత తాడు సుట్టుకుని లాగినాను, అంతే” అన్నాడు.

డాక్టరుగారు వచ్చి స్టెతస్కోపు పెట్టి విన్నారు. ఇంకా నడుస్తోందనీ, ఇలాంటిది మరొక్కసారి జరిగితే మాత్రం ఫిస్టులా దక్కదనీ చెప్పి వెళ్లారు. ఆయన గుమ్మం దాటగానే నేను మొదలుపెట్టాను. పడవ నీళ్లలోకి దిగేలోపు నువ్వు గోతిలోకి దిగుతావన్నాను. మాస్టారికి ఫోన్ చేసి, దానయ్య తాడు ముట్టుకున్నట్టు తెలిస్తే మీ షామియానా పీకిస్తానని చెప్పాను. నిజానికి పీకించే అధికారం నాకెక్కడిది? అయినా అన్నాను.

తర్వాతి డయాలసిస్‌కు దానయ్య రాలేదు. ఆ పైదానికీ రాలేదు. రెండు తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరితిత్తుల్లోకి కూడా వస్తుంది. రాని పేషెంటు ఇంటికి మామూలుగా ఆశా కార్యకర్తను పంపుతాం. నేను ఆటో ఎక్కి స్వయంగా వెళ్లాను.

కొబ్బరితోటలో దుంగల మీద పడవ నిలబెట్టి ఉంది. ఆఖరి చెక్క కుట్టు మాత్రం మిగిలి ఉంది. దానయ్య దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. మొహం ఉబ్బింది, కాళ్లు వాచాయి. అతని చెల్లెలి భర్త ఎర్రయ్య పక్కనే నిలబడి ఏం చెయ్యాలో తోచక తల గోక్కుంటున్నాడు.

“కూకుని సూడ్డానికైతే నాకా మిషనెందుకమ్మా? ఇంటికాడే పోతాను” అన్నాడు దానయ్య.

తిట్టడానికి ఆటోలో మాటలన్నీ సిద్ధం చేసుకుని వచ్చాను. తీరా అతన్ని చూశాక కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రెంటినీ మింగుకుని, అసలు ఈ కుట్టే పని ఎలా ఉంటుందో చూపించమని ఎర్రయ్యను అడిగాను.

చెక్కకు అటొకరు, ఇటొకరు ఇద్దరు కూర్చోవాలి. లోపలివాడు కుట్టు వెంట కొబ్బరిపీచు వత్తి పరిచి, తాడు కిందకి వేళ్లతో నొక్కి, తాడును బెజ్జంలోంచి బయటికి అందిస్తాడు. వేళ్లు తీసుకుని “ఊఁ” అంటాడు. అప్పుడు బయటివాడు తాడు చేతికి చుట్టుకుని, చెక్కకు కాలు తన్నిపెట్టి లాగుతాడు. బిగిసిన తాడు జారకుండా లోపలివాడు బెజ్జంలో చిన్న చెక్క చీల దిగ్గొడతాడు. మధ్యలో చెక్క అడ్డం కాబట్టి ఒకరికొకరు కనపడరు. లోపలివాడికి బలమైన పనంతా కుడిచేతిదే. ఎడమచేత్తో చీల పట్టుకుంటే చాలు.

“అయితే దానయ్య లోపల కూర్చోవచ్చు కదా?” అన్నాను.

ఎర్రయ్య పెద్దగా నవ్వాడు. “బావని లోపల కూకోబెడతావా? బాగుంది సిస్టరమ్మా!” అన్నవాడల్లా దానయ్య మొహం చూసి ఆపేశాడు.

బయట కూర్చుని లాగేవాడిదే పడవ పేరు. దించే రోజున కొత్త పంచె అతనికే కప్పుతారు. లోపలివాడు సాయం మనిషి, అంతే. ఇది మాస్టారు నాకు తర్వాత చెప్పారు. నేనన్న మాట సూపరింటెండెంటును పిలిచి దూది ఉండలు చుట్టమన్నట్టు ఉందన్నమాట. దానయ్య నావైపు చూడనైనా చూడలేదు.

కాసేపటికి ఎర్రయ్యే అన్నాడు. “ఇన్నేళ్లూ నేను కూకోనేదేటి బావా? ఎండ తగల్దు, నీ మొకం కనపడదు. హాయిగుంతాది. రా.”

దానయ్య చాలాసేపు ఇసకలో గీతలు గీశాడు. ఆఖరికి “రేపు మిషనుకొత్తాను” అన్నాడు. ఒప్పుకున్నాననే మాట అతని నోట రాలేదు. నేనూ రప్పించాలని చూడలేదు.

ఆఖరి చెక్కను అందరి ముందే కుట్టి దించాలని ఆదివారం పొద్దున పడవను ఒడ్డుకు చేర్చారు. ఊరంతా వచ్చింది. మాస్టారు మైకులో కుట్టు పడవ చరిత్ర చెబుతున్నారు. ఎర్రయ్య బయట కూర్చున్నాడు. దానయ్య లోపల. అతని ఎడమ చేతికి కాపలాగా నేనూ పడవలోనే ఒదిగి కూర్చున్నాను. మైకు పడవ పక్కనే, మా నెత్తికి దగ్గరగా ఉంది.

దానయ్య వత్తి నొక్కి, తాడు బెజ్జంలోంచి అందించాడు. “ఊఁ” అనేలోపే ఎర్రయ్య లాగేశాడు. దానయ్య కుడిచేతి వేళ్లు తాడు కింద పడి నలిగాయి. అతను పెట్టిన కేక, దాని వెనక వచ్చిన తిట్టు మైకులోంచి ఊరందరికీ వినపడ్డాయి. పిల్లలు పడీపడీ నవ్వారు.

“తొందరపడిపోనాను బావా. దెబ్బ తగిలిందేటి?” అంటూ ఎర్రయ్య చెక్క మీదుగా తొంగిచూసి చెయ్యి చాచాడు. ఆ చేతి చూపుడువేలూ మధ్యవేలూ కణుపుల దగ్గర వంకరగా ఉన్నాయి. దానయ్య ఆ వేళ్లు పట్టుకుని వదల్లేదు.

“ఈ ఏళ్లు... ఇందికేనేటి ఇలగయ్యాయి? వల మోకుతాళ్లు లాగి ఒంగాయనుకున్నాను.”

“మరేటనుకున్నావు? నువ్వెప్పుడు ఊఁ అనేదాకా ఆగినావు గనక?”

“సెప్పనేదేం?”

“నువ్వు లాగిన కుట్టులో సుక్క నీరు కారదు బావా. ఏళ్లదేటుంది.”

దానయ్య తలవంచుకున్నాడు. అతని భుజాలు కదలడం నాకు తెలుస్తూనే ఉంది. అంత పెద్ద మనిషి అందరి మధ్యా వెక్కివెక్కి ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

తర్వాత పని సాగింది. ప్రతి కుట్టుకూ ఎర్రయ్య “ఊఁ” వినేదాకా ఆగాడు. ఒకటి రెండుసార్లు దానయ్య కావాలనే ఆలస్యం చేసి, బయట ఎర్రయ్య గింజుకుంటుంటే నవ్వాడు. కుట్టు అయిపోయాక సంఘం వాళ్లు కొత్త పంచె తెచ్చి అలవాటుగా దానయ్య భుజాల మీద కప్పబోయారు. అతను తీసుకోలేదు. రెండోది వస్తేగాని పడవ కదలదన్నాడు. సముద్రం పోటు తగ్గిపోతోందని మాస్టారు కంగారుపడ్డారు. ఎవరో బైకు మీద బట్టల కొట్టుకు పరిగెత్తారు. ఇద్దరికీ పంచెలు కప్పాకే పడవ దిగింది. అడుగున కాస్త నీరు ఊరింది, కొత్త తాడూ పీచూ నానేదాకా అది మామూలేనట. నేను ఒడ్డునే దానయ్య చెయ్యి పట్టుకుని చూశాను. అదురు బాగానే ఉంది.

ఆ ఫిస్టులా నేను రిటైరయ్యే నాటికి కూడా పనిచేస్తోంది. వారానికి రెండుసార్లు ఎర్రయ్యే అతన్ని తీసుకొచ్చేవాడు.

ఫిస్టులా కోసం పేషెంటును సర్జన్ దగ్గరికి పంపేముందు ఏది వాటం చెయ్యో రాసి పంపాలి, రెండో చేతికి ఫిస్టులా వేస్తారు. అంతకుముందు ఏ చేత్తో అన్నం తింటారని అడిగి రాసేవాళ్లం. అందరూ కుడిచేత్తోనే తింటారు కాబట్టి ఫిస్టులా ఎడమ చేతికి పడేది. ఆ ఆదివారం తర్వాత నేను మూడు సంగతులు అడగడం మొదలుపెట్టాను. ఏం పని చేస్తారు? ఆ పనిలో ఏ చేతి మీద బరువు పడుతుంది? ఆ చెయ్యి ఆపాల్సి వస్తే అదే పనిలో ఇంకెక్కడ కూర్చోగలరు? జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లనూ, కొబ్బరిచెట్లెక్కే వాళ్లనూ అందరినీ అడిగాను. మొదటి రెండింటికీ జవాబు వెంటనే వచ్చేది. మూడోదానికి చాలామంది చాలాసేపు మాట్లాడేవారు కాదు. వాళ్లు చెప్పేదాకా ఆగి, అప్పుడు రాసేదాన్ని.