సుంకమ్మ చెప్పిన పేరు

మధ్యాహ్నం మూడు ఇరవైకి బండి దిగాం. 1952 జనవరి. గుంతకల్లు నుంచి కణేకల్ దాకా లారీ, అక్కడి నుంచి ఎద్దుల బండ్ల మీద తొమ్మిది మైళ్ళు. ఆ ఊరి పేరు చెప్పను. ఆ మనుషుల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు.

ఎర్రమన్ను, గులకరాళ్ళు, ఎండిన సజ్జ మోళ్ళు. వానలు లేక వరసగా ఏండ్లు గడిచాయి. చుట్టుపక్కల నాలుగు పల్లెలకు నీళ్ళున్న బావి అదొక్కటే. చేద వేస్తే సగం నీళ్ళు, సగం బురద. చావడి పక్కన సర్కారు గంజి కేంద్రం. పగలు చొక్కా తడిసి ముద్దయ్యే ఎండ, పొద్దు వాలితే కంబళి కావాలి.

మీరంతా నన్ను చూస్తే బర్మా యుద్ధం కథ చెప్పమంటారు. ఎన్ని బాంబులు, ఎంతమంది జపానువాళ్ళు అని లెక్కలు అడుగుతారు. యుద్ధం నాకు పీడకలలు ఇచ్చింది, కాదనను. కానీ నా మనసును కొరుక్కుతినేది ఆ యుద్ధం కాదు. ఈ ఐదు రోజుల ఎన్నికల డ్యూటీ. వినే ఓపిక ఉంటే వినండి, లేకపోతే టీ తాగి వెళ్ళండి.

మా తాత తెల్లదొరల పట్టాలంలో సిపాయి. బర్మా రాజును గద్దె దించడానికి ఓడెక్కి వెళ్ళాడు. అరవై ఏండ్ల తర్వాత నేను వెళ్ళాను, అదే బర్మాను జపానువాళ్ళ దగ్గర గుంజుకుని మళ్ళీ దొరల చేతిలో పెట్టడానికి. రెండు తరాలు మాకు కానిదాని కోసం తుపాకి మోశాం. నలభై ఆరులో నన్ను ఇంటికి పంపారు. తర్వాత రిజర్వు పోలీసులో చేరాను. స్వరాజ్యం వచ్చింది. మొదటిసారి తుపాకి మన పని మీద మోశాను, ఓటు పెట్టెలకు కాపలాగా. ఆ బండిలో నా ఛాతీ ఎంత పొంగిందో చెప్తే మీరు నవ్వుతారు. నా ఓటేమో మా ఊర్లో ఉండిపోయింది, అది వేరే సంగతి.

మేము ఐదుగురం. పోలింగు అధికారి, ఒక హైస్కూలు అయివారు. ఆయనకు ఒక గుమస్తా. ఆడవాళ్ళ వేలికి సిరా పెట్టడానికి ఒక మంత్రసాని. కానిస్టేబుళ్ళం ఇద్దరం, నేను, గుంతకల్లు ఖాదర్. ఖాదర్ వయసులో నాకంటే చిన్న, నోరు మాత్రం పెద్దది. నేను పట్టాలంలో నాయక్‌గానే రిటైరయ్యాను, వాడు ఎగతాళికి సుబేదారు సాబ్ అనేవాడు. సామాను: రెండు మస్కెట్లు, మనిషికి ఇరవై తూటాలు, లాఠీలు, విజిల్, రెండు లాంతర్లు, పదకొండు ఇనుప పెట్టెలు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించేవారు. కాగితం తీసుకుని తెర వెనక్కి పోయి నచ్చిన గుర్తున్న పెట్టెలో వేయడమే.

అయివారు ఆర్డరు కాగితం మాకు రెండుసార్లు చదివి వినిపించాడు. పోలింగు ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు. పోలీసు గుమ్మం బయట. ఓటరుతో లైను విషయం తప్ప మాట్లాడరాదు.

"అర్థమయిందా నాయినా?"

"ఎస్ సర్," అన్నాను.

ఖాదర్ ఊరికే ఉంటాడా? మొదటి రోజే బావి దగ్గర ఆడవాళ్ళ ముందు నా గొప్పలన్నీ వాగాడు. సుబేదారు సాబ్ బర్మాలో అది చేసినాడు, ఇది చేసినాడు అని. మరునాడు పొద్దు వాలుతుండగా నేను బావి దగ్గర ఉంటే ఒక ఆడమనిషి నా కోసం వచ్చింది. ముప్పై ఏండ్లు ఉంటాయేమో. రెండు మైళ్ళ అవతల చిన్న పల్లె. కడవ కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. పేరు సుంకమ్మ.

"అన్నా, నువ్వు బర్మాకు పోయినోడివంట కదా?"

"పోయినానమ్మా."

"మా ఇంటాయన గూడా పట్టాలంలో చేరి ఆడికే పోయినాడు. యాడన్నా చూసినావా?"

"పేరేమమ్మా?"

సిగ్గుపడి నవ్వింది. "అదెట్ల చెప్పేదన్నా? ఇందులో రాసి ఉండాది. నువ్వే చదువుకో."

రైక లోంచి మడత కాగితం తీసి ఇచ్చింది. ఇంగ్లీషు. సిపాయి నంబరు, కంపెనీ, పేరు ఎర్రిస్వామి. జాడ తెలియలేదు అని ఒక వాక్యం. కింద ఎవరో దొర సంతకం.

ఆ కంపెనీ నాకు తెలుసు. వాళ్ళను పడవల్లో ఎక్కించిన పొద్దున నేను నది ఒడ్డున ఇసుక మూటల వెనక ఉన్నాను. అవతలి నుంచి మెషిన్‌గన్లు అందుకున్నాయి. అవతలి ఒడ్డు చేరిన పడవ నాకు తెలిసి ఒక్కటే. మిగిలిన వాళ్ళను నది తీసుకుపోయింది. శవం దొరకకపోతే జాడ తెలియలేదు అని రాస్తారు. పట్టాలంలో ఎవరినైనా అడగండి, ఆ మాటకు అర్థం చెప్తారు.

"బర్మా చానా పెద్ద దేశం తల్లీ. నేను చూడలేదు," అన్నాను.

"బతికే ఉండాడన్నా. నా మనసు చెప్తాది. ఏడేండ్లాయ కాగితమొచ్చి. పెండ్లయినప్పటి నుంచి ఆయన పేరు నా నోట ఒక్కసారి గూడా రాలేదు. కల్లో గూడా రానీలేదు. మొగుని పేరు పెండ్లాము తీస్తే ఆయుస్సు తగ్గుతాదంట కదా. నా పక్క నుంచి ఆయనకు ఏ కీడూ రాకూడదు."

ఇంత బొట్టు పెట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది. ఏం చెప్పమంటారు?

"మంచిది తల్లీ. అట్లే ఉండు," అన్నాను.

కడవ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మాట నేను అని ఉండకూడదు. చెప్పగలిగిన సమయం అదొక్కటే, నేను పిరికివాణ్ణయ్యాను.

పోలింగు రోజు ఏడింటికే లైను కట్టారు. పోలింగు ఊరి బడిలో, ఒకటే గది. తెల్లదొరల కాలంలో పన్ను కట్టేవాడికే ఓటు. ఆ ఊళ్ళో ఓటు మొహం చూసినవాళ్ళు ముగ్గురో నలుగురో. ఇప్పుడు గంజి తాగే మనిషికీ ఒకటే, రెడ్డికీ ఒకటే. మడేలు, మాదిగ, దూదేకుల, అందరూ తల దువ్వుకుని, ఉన్నదాంట్లో మంచి గుడ్డ కట్టుకుని వచ్చారు. ఒక ముసలాయన గుమ్మం దగ్గర చెప్పులు విప్పి గడపకు మొక్కాడు.

ఆడవాళ్ళ లైనులో చిక్కు ఎనిమిదీ పదికే మొదలైంది. అయివారు జాబితా చూస్తూ అడిగాడు, "పేరు?"

"లక్ష్మమ్మ."

"జాబితాలో తొమ్మిది మంది లక్ష్మమ్మలు ఉన్నారు. భర్త పేరు?"

ఆమె తల దించుకుంది. వెనకాల కిసుక్కుమన్నారు.

"చెప్పమ్మా, పొద్దు పోతుంది."

"ఆంజనేయస్వామికి ఇంకో పేరుంటాది కదా సామీ, అది," అంది.

"మారుతా? హనుమంతా?"

"రెండోది కొంచెం దగ్గరగా ఉండాది."

అయివారు తల పట్టుకున్నాడు. దారి ఆ ఆడవాళ్ళే కనిపెట్టారు. ఇద్దరిద్దరు జతగా రావడం, ఈమె మొగుడి పేరు ఆమె చెప్పడం, ఆమె మొగుడి పేరు ఈమె చెప్పడం. అయివారు ఒప్పుకున్నాడు. పార్టీల తరఫున కూర్చున్న ఏజెంట్లూ ఒప్పుకున్నారు. లైను చకచకా కదిలింది. లోపల పెళ్ళిలో పేర్లు చెప్పించుకున్నట్టు నవ్వులే నవ్వులు.

సుంకమ్మ తొమ్మిదింటికే వచ్చింది. గుమ్మం దాకా రావడం, పక్కకు జరిగి వెనకున్న జతను పోనివ్వడం. పదకొండుకూ అంతే, ఒంటిగంటకూ అంతే.

"ఏంటికమ్మా జరుగుతాండావు?" అని అడిగాను. లైను విషయమే కదా.

"నాకు జత దొరకలేదన్నా."

ఆమె పల్లె ఆడవాళ్ళు చింతచెట్టు కింద ఉన్నారు. ఒకామెను పిలిచి చెప్పమన్నాను. ఆమె రెండు చేతులూ ఊపింది.

"మాకొద్దప్పా. జాడ లేని మనిషి పేరు నేను తీసి, రేపు ఆయప్పకు ఏమన్నా అయిందని తెలిస్తే, ఈయమ్మ నన్ను ఊరికే ఇడుస్తాదా? బతికినన్నాళ్ళు ఆ మాట నాకుంటాది."

ఒక్కరు కాదు, అందరూ అదే మాట. నాలుగింటికి వాళ్ళంతా ఓట్లు వేసి ఇళ్ళకు బయలుదేరారు. సుంకమ్మ గోడ నీడలో నిలబడే ఉంది. పొద్దున్నుంచి గంజికి కూడా పోలేదు.

"ఓటు లేకపోతే ఏమాయె, ఇంటికి పోమ్మా," అన్నాడు ఖాదర్.

"పోను. నా పేరు సర్కారు పుస్తకంలో ఉండాదంట. ఇంతవరకు నన్ను ఎవురు ఏమడిగినారు? ఆయన్ని పట్టాలానికి తీసకపోయేటప్పుడు అడిగినారా? ఇప్పుడు అడుగుతాండారు. చెప్పే పోతా."

ఐదుకు పది నిమిషాలు తక్కువ. లైను ఖాళీ. ఆమె లోపలికి వెళ్ళింది. నేను గుమ్మంలో ఉన్నాను.

"పేరు?"

"సుంకమ్మ."

అయివారు వేలు పెట్టి జాబితాలో వెతికాడు. "మీ పల్లెలోనే ముగ్గురున్నారు. ఇంకా ఇద్దరు ఓటు వేయలేదు. భర్త పేరు?"

ఆమె ఏజెంట్ల వైపు చూసింది. ఏజెంట్లిద్దరూ పెద్దూరి వాళ్ళు, ఆమెను ఎరగరు.

"ఏదైనా కాగితం ఉందా అమ్మా?" అని అడిగాడు అయివారు. చెడ్డవాడు కాదు ఆయన.

"ఉండాది సామీ. సర్కారోళ్ళు తీసుకుంటారేమోనని ఇంట్లో పెట్టొచ్చినా." నా వైపు తిరిగింది. "ఆయన్న చదివినాడు. ఆయన్నను చెప్పమను సామీ."

నేను నోరు తెరిచాను. కుడి పక్క ఏజెంటు లేచి నిలబడ్డాడు. బక్కపలచని మనిషి, ఖద్దరు చొక్కా, క్విట్ ఇండియాలో జైలుకు పోయి వచ్చినవాడు.

"పోలీసు చెప్తే మేము ఒప్పుకోము. తెల్లోళ్ళ కాలంలో పోలీసోడు ఏది చెప్తే అది. దానికోసమా మేము లాఠీదెబ్బలు తినింది? ఓటరే చెప్పల్ల, లేదంటే ఇంకో ఓటరు చెప్పల్ల."

ఆయన మాటలో తప్పు లేదు. ఇప్పటికీ తప్పని అనను. అయివారు నా వైపు చూసి అడ్డంగా తల ఊపాడు. గోడకు తగిలించిన గడియారంలో ఐదుకు నాలుగు నిమిషాలు.

సుంకమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొద్దున్నుంచి నిలబడ్డ మనిషి. నాకు జాలి, కోపం, అన్నీ కలిసి వచ్చాయి. నోరు జారింది.

"చెప్పు తల్లీ. చెప్తే ఇప్పుడు ఏమీ కాదులే."

గదిలో ఎవరికీ అందులో ఏమీ కనపడలేదు. ఆమెకు కనపడింది. మెల్లగా నా వైపు తిరిగింది.

"ఏమీ కాదా? మొన్న అట్లే ఉండు అంటివి కదన్నా. ఇప్పుడు ఏంటికి కాదు?"

అబద్ధమైనా ఒకటి చెప్పి ఉండవచ్చు. తల దించుకుని బూట్లు చూసుకున్నాను. ఆమె నన్ను ఎంతసేపు చూసిందో తెలియదు. తల ఎత్తేసరికి బల్ల వైపు తిరిగి ఉంది.

"ఎర్రిస్వామి," అంది. గట్టిగా, ఒక్కో అక్షరం విడివిడిగా.

అయివారు గీత గీశాడు. మంత్రసాని ఆమె ఎడమచేతి వేలికి సిరా పెట్టింది. కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. ఇనుప పెట్టెలో కాగితం పడిన చప్పుడు గుమ్మం దాకా వినపడింది. బయటికి వచ్చి గుమ్మంలో నా ముందు ఆగింది.

"ఆ బావి కాడనే చెప్పుంటే సరిపోతుండె కదన్నా," అంది.

ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే ఈ డెబ్బై ఏండ్ల వయసులో ఇలా మీ ముందు కూర్చుని ఒప్పుకునే పని ఉండేది కాదు. లోపల ఆ ఖద్దరు చొక్కా ఏజెంటు తలపాగా తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఐదింటికి విజిల్ వేశాను. పెట్టెలకు లక్క సీళ్ళు వేశాం. ఐదూ నలభైకి బండ్లు కట్టాం. మరునాడు ఉదయం పదకొండుకు గుంతకల్లులో పెట్టెలు అప్పగించి రసీదు తీసుకున్నాం. ఒక్క సీలు చెదరలేదు. అయివారు నా పేరు మెచ్చుకోలుగా రిపోర్టులో రాశాడు. ఎవరు గెలిచారో వారం తర్వాత తెలిసింది. నాకు గుర్తు లేదు.

ఆ సాయంత్రం తిరుగు దారిలో చూసింది ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఊరు దాటి మైలు దూరం వచ్చాం. పొద్దు గుంకుతోంది. బండిబాటకు కుడివైపు, ఎండిన చేలకు అడ్డంగా సుంకమ్మ ఒక్కతే నడిచిపోతోంది. మొదట పెదాలు కదలడమే కనిపించింది. తర్వాత చిన్నగా వినిపించింది. తర్వాత గొంతెత్తింది. ఎర్రిస్వామీ, ఎర్రిస్వామీ అని. చేన్లో ఉన్న మొగుణ్ణి అన్నానికి పిలిచినట్టు పిలుస్తోంది. ఇన్నేండ్లు దాచుకున్నదంతా ఒకేసారి పిలుస్తోంది.

ఖాదర్ బండి మీద లేచి కూర్చున్నాడు. "ఎవుర్నప్పా పిలుస్తాండాది ఆయమ్మ? ఆడ ఎవురూ లేరే."

ఆమె ఆగింది. పిలిచాక ఎవరైనా చేసేదే చేసింది. జవాబు కోసం చెవి ఒగ్గి నిలబడింది.