పదో మనిషి

ఆ రోజుల్లో, ఒంటి మీదికి యూనిఫాం వస్తే బుర్రలోకి బుద్ధి దానంతటదే వస్తుందని నాకొక గట్టి నమ్మకం. విండ్సర్‌లో చదువుకుంటూ వారాంతాల్లో సెక్యూరిటీ గార్డుగా చేరాను. మొదటి డ్యూటీ ఒక చిన్న యూదుల ప్రార్థనా మందిరంలో పడింది. ఒకప్పుడు కూర్చోడానికి చోటుండేది కాదట. కుర్రకారంతా టొరంటో చేరిపోయి, పదంటే పదిమంది పెద్దలు మిగిలారు. అది చాలదన్నట్టు ఎవరో కిటికీ అద్దం పగలగొట్టారు, బెదిరింపు ఉత్తరం కూడా వచ్చింది. అందుకని నన్ను పెట్టుకున్నారు. (అప్పుడు నా బరువు యాభై రెండు కిలోలు, అందులో రెండు జాకెట్టువి. నన్ను చూసి ఎవరో భయపడతారని నమ్మిన ఆ పెద్దల్ని తలుచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.)

ఉద్యోగం ఇప్పించిన నల్లగొండ అన్న ఒకటే మంత్రం చెప్పాడు: "బెల్లు కొట్టి, ఐడీ చూపిస్తెనే తలుపు తియ్యాలె తమ్మీ. ఎవడైనా సరే." శనివారం పొద్దున్న నేను వెళ్ళేసరికి తలుపు తాళం లేకుండా ఉంది, పెద్దలు అప్పటికే లోపల చేరారు. ఇంత నిర్లక్ష్యమా అనుకుని, మీట నొక్కి తాళం వేసి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

కాసేపటికి గ్లాసు తలుపు అవతల ఒక తెల్లగడ్డం ముసలాయన ప్రత్యక్షమయ్యాడు. బెల్లు కొట్టడు. వేలితో బెల్లు చూపించాను. తల అడ్డంగా ఊపి నవ్వాడు. ఐడీ అడిగాను. కోటు జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. ఫోన్ లేదు, పర్సు లేదు, ఇంటి తాళంచెవి కూడా లేదు.

"ఇక్కడ చాలా చలిగా ఉంది," అన్నాడు.

"అవును సార్, మైనస్ పదిహేను," అన్నాను మర్యాదగా.

"లోపల వెచ్చగా ఉంటుందనుకుంటాను."

"బాగా వెచ్చగా ఉంది సార్."

అన్నకు ఫోన్ చేశాను. "అన్నా, ఒకాయన బెల్లు కొట్టడం లేదు, నవ్వుతున్నాడు."

"నవ్వుతుండా? గట్ల నవ్వెటోళ్ళతోనె జాగ్రత్తగుండాలె!"

ఇంకేముంది, మరింత జాగ్రత్తగా ఉన్నాను. ఇరవై నిమిషాలు గడిచాయి. లోపల్నుంచి రిటైరైన డాక్టరు గారొకాయన వచ్చి, హాల్లోకి తొంగిచూస్తూ లెక్కపెట్టారు: "ఒకటి కాదు, రెండు కాదు..." (మనుషుల్ని లెక్కపెట్టకూడదట, అందుకని కాదంటూ లెక్కపెడతారు.) "తొమ్మిది కాదు" దగ్గర లెక్క ఆగిపోయింది. ఆ రోజు ఆయన భార్య పోయి ఏడాది. ఆమె పేరిట ప్రార్థన చదవాలంటే పదిమంది మగవాళ్ళు ఉండి తీరాలి. తద్దినానికి భోక్తలు దొరక్క మా నాన్న పడ్డ పాట్లు గుర్తొచ్చాయి.

"నేను కూర్చుంటాను సార్," అన్నాను.

"మంచివాడివి అబ్బాయ్. కానీ పదోవాడు కూడా యూదుడే కావాలి."

"ఇప్పటికిప్పుడు ఎక్కడ దొరుకుతారు సార్?" అన్నాను నిజమైన బాధతో.

ఆయన నా భుజం మీదుగా తలుపు వైపు చూశారు. గడ్డం నిండా మంచుతో పదోవాడు చెయ్యి ఊపుతున్నాడు.

శనివారం వాళ్ళు కరెంటు మీట నొక్కరు, జేబులో ఏదీ పెట్టుకుని నడవరు, ఇలాంటి పని ఇంకొకరికి నోరు తెరిచి చెప్పనూ చెప్పరు. చలి గురించి ఆయన చెప్పిందంతా తలుపు తియ్యమనే. నేను పరుగెత్తి తీశాను. డాక్టరు గారు నిట్టూర్చారు: "మా ప్రార్థన ఆపాలనుకునేవాళ్ళ కోసం నిన్ను పెట్టుకున్నాం. వాళ్ళవల్ల కానిది నువ్వు ఇరవై నిమిషాల్లో చేసి చూపించావు."

ఆయన భార్య పేరిట ప్రార్థన చదువుతుంటే, గుమ్మం దగ్గర నేను సిగ్గుతో, సంతోషంతో ముక్కు చీదుకున్నాను.

ఆ చలికాలమంతా మెట్ల మీదే నిలబడ్డాను. ముసలాయన వీధి మలుపు తిరగగానే తలుపు బార్లా తీసి పట్టుకునేవాణ్ణి. మైనస్ ఇరవైలో కూడా ఆయన "ఇవాళ అస్సలు చలి లేదు" అంటూ లోపలికి వెళ్ళేవాడు.

ఇప్పుడు టొరంటో దగ్గరి కేంబ్రిడ్జ్‌లో స్థిరపడ్డాను, బరువూ పెరిగాను. అక్కడ ఇంకా పదిమంది కూడుతున్నారో లేదో, కనుక్కోవడానికి ధైర్యం చాలదు. ఎవరింట్లో అందరం కలిసినా లోలోపల లెక్కపెడుతుంటాను: ఒకటి కాదు, రెండు కాదు... తొమ్మిది కాదు దాకా వచ్చేసరికి నాకు తెలియకుండానే లేచి వెళ్ళి తలుపు తీసి చూస్తాను.