గుట్ట ఎక్కని నీళ్ళు

నగరం బస్సు ఆఖరి స్టాపులో దిగి, ఇటుకల గోదాము పక్కగా లోపలికి నడిస్తే నాలుగు వీధులు వస్తాయి. కాలనీ అంటే అంతే. ఊరందామంటే పొలాల్లేవు, నగరమందామంటే నగరంవాళ్ళు ఒప్పుకోరు. ఆస్పత్రుల్లో దుప్పట్లు ఉతికేవాళ్ళూ, ఆఫీసుల తలుపుల దగ్గర నిలబడేవాళ్ళూ, బట్టల కంపెనీల్లో కుట్టేవాళ్ళూ పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళి, చీకటి పడ్డాక ఒళ్ళు హూనమై ఇల్లు చేరతారు. పగలంతా కాలనీ కాకులదీ కుక్కలదీ.

ఆ మొదటి బస్సుకి ముందే కుళాయి నీళ్ళు రావాలి. ట్యాంకు ఒకటే, వీధులు నాలుగు. ఒక వీధికి కట్టేస్తేగాని ఇంకో వీధికి రావు. అందుకని కాలనీలో అసలు పెద్దమనిషి సంఘం అధ్యక్షుడు కాదు, రోడ్డు పక్క గుంటల్లోకి పొడవాటి ఇనప రాడ్డు దింపి వాల్వులు తిప్పే మనిషి. అతన్ని అందరూ తక్కెడ అంటారు. ఒక వీధికి చెంబెడు ఎక్కువ రానివ్వడు, ఇంకో వీధికి చెంబెడు తక్కువ రానివ్వడు అని ఆ పేరు పెట్టారు. రాడ్డు భుజాన వేసుకుని అతను నడిచి వస్తుంటే, కుళాయి దగ్గర జుట్లు పట్టుకోబోయేవాళ్ళు కూడా సర్దుకుని నిలబడేవారు. ఆ పేరు పెట్టినవాళ్ళకేం తెలుసు పాపం!

తల్లి పోయినప్పటినుంచి అతన్ని పెంచింది అక్కే. ఆవిడ ఇల్లు ఆఖరి వీధిలో, కాస్త ఎత్తున ఉంది. దాన్ని గుట్ట వీధి అంటారు. వాల్వులు తిప్పడానికి మనిషి కావాలని తెలిసి, సంఘం గది ముందు పడిగాపులు కాసి, "మావాడు ఒకరి జోలికి పోడండీ, ఒక్కసారి పెట్టుకుని చూడండి" అని బతిమాలి, ఆ రాడ్డు తమ్ముడి చేతికి ఇప్పించింది కూడా ఆవిడే.

పనిలో చేరిన రోజే పాలదుకాణం ఆయన పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ ఓ మాట విసిరాడు. "ఇంకేం! వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే. గుట్ట వీధికి ఇక కరువు లేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తక్కెడ కూడా నవ్వాడు. కానీ ఆ మాట ములుకులా లోపల దిగింది. తనని ఎవరో వేలెత్తి చూపిస్తారన్న ఊహకే అతనికి అన్నం సయించలేదు. ఎవరూ ఏమీ అనకముందే జాగ్రత్తపడ్డాడు మహానుభావుడు. గుట్ట వీధి వాల్వు అందరికన్నా ఆఖరున తిప్పేవాడు. అదీ సగమే తిప్పేవాడు. వంతు పూర్తికాకముందే కట్టేసేవాడు.

"ఒరేయ్, మా కుళాయి దారంలా కారుతోందేంట్రా?" అని అక్క అడిగింది ఒకసారి.

నిజం నోటిదాకా వచ్చింది. "నలుగురూ ఏమైనా అంటారని భయంగా ఉందక్కా" అనేస్తే పోయేది. అక్క కదా, నాలుగు తిట్టి ఊరుకునేది. కానీ అబద్ధమాడితే ఆ తిట్లు కూడా ఉండవు.

"మీ వీధి ఎత్తు కదక్కా. నీళ్ళు గుట్ట ఎక్కవు. నన్నేం చెయ్యమంటావు?"

"అంతేలే" అంది ఆవిడ. నమ్మేసింది.

అప్పట్లో ఆవిడ నగరంలో ఒక ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది. గుట్ట వీధికి నీళ్ళు వచ్చే వేళకి మొదటి బస్సు హారను కొడుతూ ఉండేది. బిందె పట్టుకుంటే బస్సు పోతుంది, బస్సెక్కితే ఇంట్లో చుక్క ఉండదు. ఆలస్యం, ఆలస్యం, మళ్ళీ ఆలస్యం. చివరికి సూపర్‌వైజరమ్మ "రేపట్నుంచి తీరిగ్గా ఇంట్లోనే ఉండమ్మా" అని పంపేసింది. అక్క ఇంట్లో కూర్చుని కంపెనీ చొక్కాలకి గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. కింది వీధినుంచి బిందెలు మోసి మోసి కుడి భుజం పాడైంది. తక్కెడ వెళ్ళి ఎదురుగా కూర్చుంటే, అతని ఏడుపు మొహం చూసి ఆవిడే ఓదార్చింది.

"నువ్వేం చేస్తావురా? నీళ్ళకి కాళ్ళున్నాయా ఎక్కడానికి?"

ఆ పూట అతనికి చచ్చిపోతే బాగుండుననిపించింది. మర్నాడు మాత్రం వాల్వు మళ్ళీ సగమే తిప్పాడు. ఏం మనిషో! మంచిపేరు మరిగాక మానుకోవడం కష్టం కాబోలు.

గుట్ట వీధివాళ్ళు ఓసారి సంఘానికి ఫిర్యాదు చేద్దామని బయల్దేరారు. వాళ్ళకి అడ్డం నిలబడింది ఎవరనుకున్నారు? అక్కే. "మా తమ్ముడి సంగతి నాకు తెలీదా? సొంతక్కకే ఎక్కువ ఇవ్వనివాడు మీకు తక్కువ ఇస్తాడా?" అని వీధిలో నిలబడి గొంతు చించుకుంది. వాళ్ళు గొణుక్కుంటూ ఇళ్ళకి తిరిగిపోయారు.

ఒక ఎండాకాలం కామెర్లు వచ్చి తక్కెడ మంచం పట్టాడు. సంఘంవాళ్ళు పక్క కాలనీనుంచి ఒక మనిషిని పిలిపించారు. అతనికి ఎవరి అక్క ఎవరో తెలీదు. గుంటలో రాడ్డు దింపి, తిరిగినంతా తిప్పాడు. గుట్ట వీధి కుళాయిలు ఒక్కసారి దగ్గి, గాలి ఊది, బకెట్లు బోర్లాపడేంత జోరుగా నీళ్ళు పోశాయి. ఆడవాళ్ళు కేకలు పెట్టుకుంటూ చేతికి దొరికిందల్లా తెచ్చి పట్టారు. అక్క బకెట్టు అక్కడే వదిలేసి గుంట దగ్గరికి పరిగెత్తింది.

"ఏం మాయ చేశావయ్యా?"

"మాయేంటమ్మా! సగం తిరిగి బిగుసుకుపోయింది. బలంగా తిప్పితే మిగతా సగం కూడా తిరిగింది. ఎన్నాళ్ళనుంచీ సగంలోనే ఆపేస్తున్నారో మరి!"

ఆవిడ తిన్నగా తమ్ముడి ఇంటికి వచ్చింది. గ్లూకోజు కలిపిన నీళ్ళు మంచం పక్కన పెట్టి కూర్చుంది.

"ఇవాళ మా వీధికి నీళ్ళు ఎక్కాయిరా" అంది.

తక్కెడ గోడవైపు తిరిగిపోయాడు.

"ఇటు చూడు. ఎందుకు చేశావు?"

"నలుగురూ ఏమనుకుంటారోనని, అక్కా..."

"ఆ నలుగురిలో నేను లేనా?" అంది ఆవిడ. "ఎక్కువ పొయ్యమన్నానా? మా వాటా మాకు వదిలితే చాలు కదరా. వీధి వీధంతా నీ మీదికొస్తే నేను అడ్డం పడ్డాను. ఇప్పుడు వాళ్ళ మొహాలు ఎలా చూడను?"

అతను ఏడ్చాడు. కాళ్ళు పట్టుకోబోతే ఆవిడ వెనక్కి జరిగింది. "అవి తాగి పడుకో" అని లేచి వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు. వాల్వేదో బిగుసుకుపోయి ఉంటుందని వీధివాళ్ళు అనుకుని ఊరుకున్నారు. నలుగురిలో పెట్టి కడిగేసి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

లేచి తిరిగాక అతను గుట్ట వీధి వాల్వు నిండా తిప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ వేలెత్తి చూపలేదు. ఒక్కడంటే ఒక్కడు! ఉండబట్టలేక ఓ రోజు పాలదుకాణానికి వెళ్ళాడు.

"నేను పనిలో చేరిన రోజు మీరో మాటన్నారు, గుర్తుందా?"

ఆయన తల గోక్కున్నాడు. "నేనా? ఏదో సరదాకి అనుంటానయ్యా. ఇప్పుడెందుకదంతా?"

తక్కెడ ఆ దుకాణం అరుగు మీదే చాలాసేపు కూర్చుండిపోయాడు. అన్నవాడికే గుర్తులేని మాట కోసం అక్క ఉద్యోగం పోయింది, భుజం పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నగరం పెద్ద పైపు కాలనీదాకా వచ్చింది. ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్ళు. ఇక వాల్వులతో పని లేదు, తక్కెడతోనూ లేదు. సంఘం గదిలో అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, సొంతక్కకైనా చుక్క ఎక్కువ ఇవ్వని మనిషని పొగిడారు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న అక్క కూడా కొట్టింది. అతను తలెత్తలేకపోయాడు.

మర్నాడు తెల్లవారుతుండగా అలవాటుకొద్దీ మెలకువ వచ్చింది. చెయ్యడానికి పనేమీ లేక అక్క ఇంటికి నడిచాడు. ఆవిడ అప్పటికే లేచి, ఎడమ చేత్తో బిందెలూ బకెట్లూ, చివరికి అన్నం గిన్నెలు కూడా వరసగా నింపుతోంది.

"అక్కా, ఇవన్నీ ఎందుకిప్పుడు? రోజంతా వస్తాయి. ఇక ఆగవు."

"ఎవరు చెప్పారు?"

"నేను చెబుతున్నా కదా."

ఆవిడ తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు.

"నీళ్ళ సంగతి నువ్వు చెబితే ఒకసారి నమ్మానురా" అని, నిండిన బిందె పక్కకి జరిపి, ఖాళీది కుళాయి కింద పెట్టింది.