చీరల సంచి వెంట యాప్రాల్ నుంచి తూంకుంట దాకా

పాత బట్టల డబ్బా గేటు దగ్గర పెట్టించిన రోజు మా యాప్రాల్ కాలనీ సంఘం కార్యదర్శి, మన బట్టలన్నీ పేదలకు చేరతాయన్నాడు. ఏ పేదలకని అడిగినందుకు నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాడు. అయినా నమ్మాను. నిరుడు పోయిన నా భార్య సుశీల నేత చీరలు, నా పాలిస్టర్ ప్యాంట్లు ఒకే సంచిలో కట్టి ఆదివారం అందులో వేశాను. మంగళవారం వ్యాను వచ్చి తీసుకెళ్లాక వాచ్‌మన్ చల్లగా చెప్పాడు: "గవన్నీ తూంకుంట దిక్కు కాలవెడ్తరంట సార్."  సుశీల చీరలు చెత్తతో పాటు కాలడమా?

బుధవారం ఏడున్నరకు ఆటో మాట్లాడుకున్నాను. వ్యాను ముందు పోతుందని వాచ్‌మన్ చెప్పిన గుండ్లపోచంపల్లి గోదాము, అక్కణ్నుంచి తూంకుంట, తిరిగి ఇల్లు, మొత్తం తొమ్మిది వందలు. సంగతి విని డ్రైవరు యాదగిరి నవ్వాడు.

"పాత చీరల కోసమా? గా పైసలకు కొత్తదే వస్తది గద సార్."

"కట్టుకునే మనిషి లేదు."

 కొంపల్లి దాటాక అతను మెల్లగా అన్నాడు: "మా అవ్వ చీరలు బొంత కుట్టిచ్చినం సార్. డబ్బల ఎయ్యలె."

రోడ్డు చూస్తూ కూర్చున్నాను. మేడ్చల్ రోడ్డు మీద ప్రతి లారీలోనూ నా సంచే పోతున్నట్టనిపించింది.

ఎనిమిదిన్నరకు గోదాము చేరాం. రేకుల కప్పు దాకా బట్టల గుట్ట. దాని ముందు కూర్చున్న ఎల్లమ్మ అనే ఆవిడ ఒక్కో బట్టనూ వేళ్లతో నలిపి చూసి అటో ఇటో విసురుతోంది. చీరల ఆనవాలు చెప్పాను.

"పసుపు అంచుయా? నిన్ననే కోసినం తాతా. నూలుది నూనె తాగుతది, కార్ఖానలల్ల మిషన్లు తుడుస్తరు." చేతిలో ఒక ముక్క పెట్టింది. అంచు చూడగానే గుర్తుపట్టాను. "ఏడిది మీది?" అంది ఎల్లమ్మ.

"యాప్రాల్."

"ఎరుకే. మీ కాలనికొచ్చి స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు తీస్కుంటుంటి. గట్టి ప్యాంట్లు సంతల అమ్ముతుంటి. మాసొంటోళ్లు రావద్దని నోటీసు కొట్టి గేటు కాడనే ఆపిన్రు. ఇప్పుడేమో డబ్బల నీళ్లువడి అన్నీ ముక్కవాసన. గీ పాలిస్టర్ జారుడు బట్టలు ఎవలు తొడుగుతరు? పొద్దుగాలే తూంకుంటకు పోయినయ్."

ఆ నోటీసు రాసింది నేనే. మంచి తెలుగు రాస్తానని కార్యదర్శి నాతోనే రాయించాడు. చీర ముక్క జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాను.

పదిన్నరకు తూంకుంటలో, కొత్త ప్లాట్ల వెనక పొగ కనిపించింది. ముక్కు మూసుకుని దగ్గరకు వెళ్లాను. కరిగి నల్లముద్దలైన గుడ్డల మధ్య జిప్పులు మాత్రం మిగిలాయి. మంట పక్కనున్న ఇంటి ఆవిడ దగ్గుతూ, తీగ మీది పిల్లల బట్టలు లాక్కుంటూ నన్నే అడిగింది: "ఎవలియి గీ బట్టలు? గింత బుద్ధి లేదా?"

నావేనన్నాను. ఆమె నమ్మలేదు.

చీరల కోసం బెంగపడి బయలుదేరాను. అవి ఏదో యంత్రాన్ని తుడుస్తూ ఇంకొన్నాళ్లు పనికొస్తాయి. చెమట తాగని గుడ్డ ఎందుకని సుశీల అంటే, ఇస్త్రీ అక్కర్లేదని ముప్ఫై ఏళ్లు వాదించి తొడిగిన నా ప్యాంట్లే ఆ పిల్లల ఊపిరిలోకి పోతున్నాయి. కార్యదర్శిని తిట్టడానికి దారి పొడవునా కూర్చుకున్న మాటల్లో సగం నాకే సరిపోయాయి.

మీరు బట్టలు ఇచ్చేటప్పుడు నూలువి, పాలిస్టర్‌వి విడదీసి, ఉతికి ఆరబెట్టి, తొడగదగ్గవి అవసరమున్నవాళ్ల చేతికే ఇవ్వండి. డబ్బాలో వేసేముందు అవి ఎక్కడికి పోతాయో వ్యాను డ్రైవరును అడగండి. ఇంటికి రాగానే గేటు మీది నోటీసు చింపేశాను. ఎవరు చింపారని గ్రూపులో అడుగుతున్నారట. చెబుదామంటే, నేను అందులో లేను.