మహేశ్వర్ చేతులు

మహేశ్వర్ పొద్దున మొహం కడుక్కోగానే ఒక పట్టుపోగు తెంపి, రెండు కొసలూ మళ్లీ అతికి చూస్తాడు. చాయ్ ఆ తర్వాతే. గద్వాలలో చీరలు నేసేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, నూలు చీరకు పట్టు అంచు కలిసే చోట అతుకు కనబడకుండా నేస్తాడని అతనికి పేరు.

నాలుగేళ్ల కింద అతని కిడ్నీలు రెండూ చెడిపోయాయి. తల్లి జమ్ములమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక, కూరలో ఉప్పు లేదని అతను కసురుకుంటే ఆమె నవ్వేది.

"నాది కడుపుల పెట్టుకొని నామీదనే గుర్రుమంటవేందిరా?"

కొత్త కిడ్నీని శరీరం తోసెయ్యకుండా పూటకు రెండు గోళీలు మింగాలి, బతికినన్నాళ్లూ. వాటితో చేతులు వణికేవి. కొందరికి అట్లా అవుతుందని డాక్టర్ ముందే చెప్పాడు. చాయ్ గ్లాసు వణికితే ఎట్లాగో తాగొచ్చు. పట్టుపోగు మాత్రం వేళ్లలోంచి జారిపోయేది. భార్య స్వరూప పక్కన కూర్చుని అతికేది. అతను అటు చూసేవాడు కాదు.

ఒకరోజు నూలు ఇచ్చి చీరలు నేయించుకునే కృష్ణయ్య వచ్చి, నేసిన చీర విప్పి అంచు మీద బొటనవేలు నడిపాడు.

"మహేశా, అంచు గరుకైంది. ఇగ సాదా చీరలు నేస్కో. నీకు జర పరేషాన్ తగ్గుతది."

మంచికే అన్నాడు. మరునాటి నుంచి మహేశ్వర్ రెండు గోళీల్లో ఒకటే మింగాడు. పది రోజులకు చేతులు నిలిచాయి. తర్వాతి చీర చూసి కృష్ణయ్య, "చెయ్యి మళ్ల వచ్చిందిరా" అన్నాడు. ఆ రోజంతా మహేశ్వర్ మగ్గం మీద కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

రెండు నెలలకు కాళ్లు ఉబ్బాయి. మందుచీటీ కోసం వెతుకుతుంటే స్వరూపకు నూలు చుట్టిన కండెల డబ్బా అడుగున మింగని గోళీల షీట్లు దొరికాయి. తెచ్చి అత్త ముందు పెట్టింది.

"ఇవేందిరా?" అడిగింది జమ్ములమ్మ.

"సగమే మింగిననమ్మా. చేతులు వణుకుతున్నయని."

ఆమె ఆ షీట్లు దగ్గరికి జరుపుకుంది. "పోగు అతకనీకి నేను లేనా? చెప్తే నేను కూసుంటుంటి గద."



హైదరాబాద్ డాక్టర్లు నెల రోజులు ప్రయత్నించారు. కిడ్నీ నిలవలేదు. జమ్ములమ్మ ఆ పాత నవ్వులాట మాట మళ్లీ అనలేదు. ఒక్కసారి మాత్రం, కొడుక్కి వినబడేటట్టే స్వరూపతో అంది: "నాది ముసలిది గదనే. గందుకే ఆగలే."

ఇప్పుడు మహేశ్వర్ వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు పోతాడు. ఆ గోళీలు ఆపేశారు, చేతులు వణకవు. సూదులు గుచ్చే ఎడమచేత్తో బరువు లాగకూడదు కాబట్టి మగ్గం స్వరూప నేస్తుంది. పోగు తెగినప్పుడు అతను అతుకుతాడు.