బోరు బండి దగ్గర పుట్టిన ఇష్టం

నంద్యాలలో నేను భూగర్భశాస్త్రం చెప్పే క్లాసులో పిల్లలు పట్టుమని పది మంది ఉండరు. బెలుం గుహలకు తీసుకుపోతే ఆసక్తి పుడుతుందని తోటి లెక్చరర్లు అంటారు. తీసుకుపోతాను. సెల్ఫీలు దిగి వస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. నా ఇష్టం బోరు బండి దగ్గర పుట్టింది.

ఆళ్లగడ్డ అవతల మా చీనీ తోటకు, అదే బత్తాయి తోటకు, కాలవ నీళ్లు ఎక్కవు. బావి ఎండిపోయాక బోరొక్కటే దిక్కయింది. మాది చర్చికి పోయే కుటుంబం. మా నాయన ముందు పాస్టరు గారితో ప్రార్థన చేయించాడు. ఆయన స్కూటరు మలుపు తిరిగిందో లేదో, అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు.

"దేవుడు సూస్తాండాడు, సిగ్గులేదా?" అంది అమ్మ.

"సూడనీ. నీళ్లు పడితే సాలు."

కాయ లేచి నిలబడిన చోట బోరు వేశారు. దిగేకొద్దీ పొడి లేచింది. నల్లది, బూడిద రంగుది, తర్వాత తెల్లది. పొడి తడిస్తే నీళ్లు తగిలినట్టు. ఒక్కో రంగూ పిడికిట్లోకి తీసుకొని చూశాను. మా చేని కింద ఇన్ని రకాల రాయి ఉందా, నీళ్లు ఇందులో ఎక్కడున్నాయి అని ఒకటే ఆలోచన. చివరిదాకా పొడి తడవలేదు. నాయన మొహం నిండా దుమ్ము, తుడుచుకోను కూడా లేదు. ఈ చదువే చదివి ఆయనకు నీళ్లు చూపించాలని ఆ రోజే అనుకున్నాను.

ట్యాంకరు నీళ్లతో సగం చెట్లను బతికించుకుంటూ వచ్చాడు నాయన. పీజీ చివరి ఏడు మా సారును బతిమాలి, భూమిలోకి కరెంటు పంపి నీళ్లు వెతికే మిషన్ తోటకు తెప్పించాను. నాయన పొద్దంతా మాతో పాటు ఇనుప కడ్డీలు దిగ్గొట్టాడు, వైర్లు లాగాడు. దారిన పోయేవాళ్లను ఆపి మరీ "మా పాప" అని చూపించాడు. లెక్క వేశాను. మళ్లీ వేశాను. అంతా గట్టి రాయి. సారు కూడా చూసి తల అడ్డంగా ఊపాడు.

"యాడ ఏయమంటావ్ పాపా?"

"యాడా లేవు నాయనా."

తిట్టినా బాగుండేది. కడ్డీలు ఒక్కొక్కటే పీకి ఒక పక్కన పేర్చాడు. మర్నాడు పొద్దున్నే గొడ్డలి తీసుకొని తోటలోకి పోయాడు. కొన్ని చెట్లు ఇంకా కాయల మీదున్నాయి. భయమేసి వెంట పరిగెత్తాను.

"నా లెక్క తప్పేమో నాయనా. ఇంకో మాటు సూస్తా, ఆగు."

"సదువుకున్నదానివి. తప్పెట్టయితాది?" అన్నాడు, గొడ్డలి ఆపకుండా.