బాలింత మంచం మీద కారిన పెంకులు

మా చిన్నప్పుడు... వానొస్తే తలుపులన్నీ మూసేవాళ్ళం. వాన మాత్రం మాతోపాటే లోపల ఉండేది!

దిబ్బూరహళ్ళి దగ్గర మాది నాటు పెంకుల ఇల్లు. యుద్ధం రోజులు, పారాచూట్ల కోసమని పట్టుకు మంచి గిరాకీ. నడింట్లో పట్టుపురుగుల తట్టలు... పక్క గదిలో నులక మంచం మీద అమ్మ, ఇంకా పురుడు తీరని మా తమ్ముడు. మధ్యలో నిలువెత్తు గోడ, పైన కప్పు మాత్రం ఒకటే.

పురుగులు గూడు కట్టే ముందు ఆఖరి మేత మీద ఉంటే, తెగులు తగులుతుందని బయటి మనిషి గడప తొక్కకూడదు. మేమూ ఎవరింటికీ పోకూడదు. పురిటి మనిషి తట్టల వైపు రాకూడదు. ఊరంతా ఇదే కట్టుబాటు, మా అవ్వ ఇంకాస్త ఎక్కువ! కిటికీలకు గోనెపట్టాలు కట్టి, ఆకు వాసనలో, తడిబట్టల వాసనలో మమ్మల్ని మగ్గబెట్టింది. నాకు ఊపిరాడేది కాదు.

ఆ ముసురులో, కోతులు కదిలించిన పెంకులు సరిగ్గా అమ్మ మంచం మీదే కారాయి. ఏ మూలకు జరిపితే ఆ మూలకు నీళ్ళు... ఇంట్లో ఉన్న గిన్నెలూ చెంబులూ చాల్లేదు.

పెంకులు సర్దే తిప్పన్న వాకిట్లో గోనెపట్టా కప్పుకుని నిలబడి, "ఎంతసేపమ్మా, ఎక్కి సర్దేస్తాను" అన్నాడు.

అవ్వ లోపలి నుంచే అరిచింది. "వద్దప్పా! నువ్వు ఎక్కితే మసంతా పురుగుల మింద రాలతాది. గూడు కట్టినాక రా!"

నాయన అవ్వను చూశాడు, అమ్మను చూశాడు, తల దించుకున్నాడు. ఆయన మీద నాకు భలే కోపం వచ్చింది.

అమ్మ తమ్ముడి పాదాలు పట్టి చూసింది. చల్లగా ఉన్నాయి. అత్తకు ఏనాడూ ఎదురు చెప్పని మనిషి, గోడ అవతలికి వినబడేలా గట్టిగానే అంది.

"అత్తా, పురుగులు పోతే ఇంకో పంట ఉండాది. వీడు పోతే యాడనుంచి తెచ్చేది?"

అవ్వ తనే పోయి గడియ తీసింది. "ఎక్కప్పా తిప్పన్నా..."

ఉన్న చీరలన్నీ తెచ్చి తట్టల మీద కప్పింది. చాల్లేదు. పెంకు కదిలినప్పుడల్లా మసి రాలింది. తిప్పన్న దిగేసరికి అమ్మ మంచం మీద చుక్క పడటం లేదు.

మర్నాటికి సగం పురుగులు మేత ముట్టలేదు. వాటిని దిబ్బలో పారబోసి, స్నానం చేసి వచ్చి, పురుడు తీరకముందే అవ్వ తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. "శానా ఖరీదైనోడివిరా నువ్వు" అని ఏడ్చింది.

ఇప్పుడు పురుగులకు వేరే షెడ్లు, మనుషులకు వేరే ఇళ్ళు. మంచిదే. ఆ ఇరుకు సంగతి చెబితే పిల్లలు నవ్వుతారు...

మీ ఇల్లు కారినప్పుడు, ఉన్న ఒక్క పొడిచోటు ఎవరికి ఇచ్చేవాళ్ళు? చెప్పండి...